ఓడ రోజుల పంపకం

అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు తీరాన, మసాచుసెట్స్ రాష్ట్రం నుండి అట్లాంటిక్ సముద్రంలోనికి మడిచిన చేయివలె చొచ్చుకొనిపోయిన ఇసుకనేల ఒకటి ఉన్నది. దానిని కేప్ కాడ్ అంటారు. ఆ చేయి భుజాన్ని కలిసేచోట, నైరుతి కొసన, ఉడ్స్ హోల్ అనే చిన్న ఊరు ఉన్నది. ఊరు అనడమే గాని, పరిపాలన లెక్కలలో అది ఫాల్మత్ పట్టణంలో ఒక భాగం మాత్రమే. ఇక్కడ ‘హోల్’ అంటే గొయ్యి కాదు. రెండు జలభాగాలను కలిపే ఇరుకైన పాయకు ఆ తీరవాసులు పెట్టుకున్న పేరు. ఒక వైపు వినియార్డ్ సౌండ్, మరొక వైపు బజర్డ్స్ బే. పోటు వచ్చినప్పుడూ, ఆటు తీసినప్పుడూ ఈ రెండింటి నీటిమట్టాలు సమంగా ఉండవు. అందుచేత పాయలోని నీరు వరదకాలపు ఏరులాగా ఉరవడితో పరుగెత్తుతుంది.

ఊరికి ప్రధాన వీధి ఒక్కటే. దాని నడుమ పైకి లేచే వంతెన ఉన్నది. లోపలి ఈల్ పాండ్ మడుగులోని పడవలు సముద్రంలోనికి పోవలసి వచ్చినప్పుడు వంతెన లేస్తుంది. అప్పుడు మార్తాస్ వినియార్డ్ ద్వీపానికి పోయే ఫెర్రీ కోసం ఆదరాబాదరాగా వచ్చిన ప్రయాణికులూ, ఐస్‌క్రీము చేతబట్టుకొన్న పిల్లలూ, నోబెల్ బహుమతి పొందిన జీవశాస్త్రవేత్తలూ ఒకే వరుసలో నిలబడి వేచి ఉండవలసిందే.

ఈ ఊరి పూర్వచరిత్రలో పరిమళం తక్కువ. తొలుత ఇది తిమింగలాల వేటగాళ్ల రేవు. తిమింగలం తలలోని మైనంతో కొవ్వొత్తులు చేయడానికి 1836లో కట్టిన రాతి భవనం నేటికీ వీధిపక్కన నిలిచి ఉన్నది. 1863 నుండి 1889 దాకా ఇక్కడ పసిఫిక్ గ్వానో కంపెనీవారు దూరదీవుల పక్షిరెట్టను చేపల పిండితో కలిపి ఎరువు తయారు చేసేవారు. ఆ వాసనల మధ్యకే 1871లో స్పెన్సర్ బెయిర్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ప్రభుత్వ మత్స్య పరిశోధనను తీసుకొనివచ్చాడు. 1888లో సముద్రజీవ ప్రయోగశాలయూ, 1930లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ధనంతో ఉడ్స్ హోల్ సముద్ర విజ్ఞాన సంస్థయూ ఏర్పడినవి. ప్రపంచంలో సముద్రాన్ని గురించి చదివేవారికి ఈ ఊరి పేరు తెలియకుండా ఉండడం అరుదు.

ఇంత పేరున్న సంస్థ రేవుకు వచ్చిన సందర్శకుడు ముందుగా వెతికేది ఓడను. చాలా రోజులలో అది అక్కడ ఉండదు. ‘అట్లాంటిస్’ అనే ఆ నౌక పొడవు 274 అడుగులు. 1997లో పనిలోనికి వచ్చింది. ‘ఆల్విన్’ అనే చిన్న జలాంతర్గామికి అదే తల్లి ఓడ. ఆల్విన్ ముగ్గురు మనుష్యులను కడుపున పెట్టుకొని 6,500 మీటర్ల లోతుకు దిగగలదు. 2022లో దానికి ఆ యోగ్యత లభించింది. ఓడ ఎక్కడ ఉన్నదని అడిగితే, మెక్సికోకు ఆవల పసిఫిక్ మహాసముద్రంలో ఉన్నదనవచ్చు. ఓడ ఎవరిది అని అడిగితే జవాబు మరింత చిక్కుగా ఉంటుంది. ఓడ అమెరికా నౌకాదళానిది. దానిని నడిపే నావికులు ఉడ్స్ హోల్ సంస్థ ఉద్యోగులు. ఆ యాత్ర ఖర్చును నేషనల్ సైన్స్ ఫౌండేషన్ భరిస్తూ ఉండవచ్చు. పైన ప్రయోగాలు చేస్తున్న శాస్త్రజ్ఞులు ఆరెగాన్ నుండో ఫ్లోరిడా నుండో వచ్చినవారై ఉండవచ్చు. యజమాని ఒకరు, సారథి ఒకరు, బాడుగ ఇచ్చేది మరొకరు, ఎక్కి కూర్చున్నది ఇంకొకరు. వినడానికి గందరగోళంగా తోచే ఈ ఏర్పాటు అర్ధ శతాబ్దికి పైగా నడుస్తున్నది.

ఆదిలో సంగతి ఇంత జటిలం కాదు. మొదటి ‘అట్లాంటిస్’ 142 అడుగుల తెరచాప నౌక. కోపెన్‌హాగెన్‌లో నిర్మింపబడి 1931లో ఉడ్స్ హోల్ చేరింది. సంస్థ కట్టించుకొన్న ఓడలో సంస్థవారే ప్రయాణం చేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం పరిస్థితి మారిపోయింది. జలాంతర్గాముల పోరాటం పుణ్యమా అని సముద్రగర్భం రక్షణ విషయమైంది. 1946లో నౌకాదళ పరిశోధనా కార్యాలయం, 1950లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఏర్పడి, ప్రభుత్వ ధనం ఓడల మీదికి ప్రవహించసాగింది. ఓడలున్న సంస్థలు బలపడినవి. ఓడలేని విశ్వవిద్యాలయంలోని ఆచార్యునికి మాత్రం ఎంత మంచి ఆలోచన ఉన్నా, ఓడ ఉన్న సంస్థలో తెలిసినవారుంటేనే సముద్రం దక్కేది.

ఓడలేని శాస్త్రజ్ఞుని అవస్థ మన తీరానికీ కొత్త కాదు. 1952లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలకు చెందిన యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అతిథి ఆచార్యుడుగా వచ్చాడు. పరిషత్తు కొండమీద నిలబడితే బంగాళాఖాతం కళ్లెదుటనే ఉన్నది. ఓడ మాత్రం లేదు. భారత నౌకాదళం మైన్‌స్వీపర్ నౌకలను ఎరువిచ్చింది. యుద్ధకాలంలో మందుపాతరలు ఏరడానికి పుట్టిన ఆ ఓడలమీద నుండే విద్యార్థులు నీటి నమూనాలు పట్టి, లోతులు కొలిచి, తూర్పు తీరానికి ఎదురుగా సముద్రపు అడుగున ఉన్న లోయలను గుర్తించారు. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ పరిషత్తులోని భూగర్భశాస్త్ర ఆచార్యుడు. అయితే ఎరువు తెచ్చిన ఓడకు ఎప్పుడూ ఒక ఇబ్బంది ఉంటుంది. నౌకాదళానికి పని పడిన రోజున శాస్త్రం ఒడ్డున ఉండిపోవలసిందే.

దాదాపు పదేళ్ల తరువాత ఉడ్స్ హోల్ తానే ఈ జలాలకు వచ్చింది. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో పలు దేశాలకు చెందిన నలభై దాకా నౌకలు పాల్గొన్నవి. అందులో అమెరికా వారి జీవశాస్త్ర కార్యక్రమం ఉడ్స్ హోల్ నుండే నిర్వహింపబడింది. వారి ఓడ ‘ఆంటన్ బ్రూన్’కు ఒక గతం ఉన్నది. ‘విలియమ్స్‌బర్గ్’ అనే పేరుతో అది ఒకప్పుడు అధ్యక్షుడు ట్రూమన్ విహార నౌక. అధ్యక్షుడు విశ్రమించిన ఓడమీద 1963లో బంగాళాఖాతపు చేపలనూ, పీతలనూ జాడీలలో భద్రపరచారు. ఆ యాత్ర ఫలంగానే 1966 జనవరి 1న భారతదేశంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఆవిర్భవించింది. యాత్ర ముగిసి ఓడలు వెళ్లిపోగానే అందరికీ తట్టిన ప్రశ్న ఒక్కటే: ఇక మీదట ఓడ ఎవరిస్తారు? అమెరికాలో ఓడలేని విశ్వవిద్యాలయాలదీ అదే ప్రశ్న.

అమెరికాలో దానికి జవాబు 1971లో వచ్చింది. సముద్ర వనరులపై రెండేళ్ల క్రితం ఒక జాతీయ సంఘం ఇచ్చిన నివేదిక తరువాత, విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వ శాఖలూ కలిసి ‘యునోల్స్’ అనే వ్యవస్థను ఏర్పరచుకొన్నవి. విశ్వవిద్యాలయ, జాతీయ సముద్ర విజ్ఞాన ప్రయోగశాలల వ్యవస్థ అని దాని పూర్తి పేరుకు అర్థం. తొలి కార్యాలయం ఉడ్స్ హోల్‌లోనే వెలిసింది. తరువాత ఒక సభ్య సంస్థ నుండి మరొక సభ్య సంస్థకు మారుతూ వస్తున్నది. విచిత్రమేమంటే ఈ వ్యవస్థకు సొంతంగా ఒక్క ఓడ లేదు, ఒక్క నావికుడు లేడు. ఓడలు నౌకాదళానివి, సైన్స్ ఫౌండేషన్‌వి, లేదా విశ్వవిద్యాలయాలవి. అవి ఉడ్స్ హోల్, కాలిఫోర్నియాలోని స్క్రిప్స్, వాషింగ్టన్, హవాయి, అలాస్కా మున్నగు సంస్థల రేవులలో ఉంటాయి. యునోల్స్ చేసేదల్లా ఆ ఓడలన్నిటినీ ఒకే చెరువుగా భావించి, వాటి రోజులను పంచడం.

చెరువు కింద ఆయకట్టు రైతులకు వంతుల ప్రకారం నీరు వదిలే నీరటికాడిని ఎరిగినవారికి ఈ పని స్వభావం వెంటనే బోధపడుతుంది. చెరువు అతనిది కాదు, పొలమూ అతనిది కాదు. కాని ఎవరి మడికి ఎప్పుడు నీరు చేరుతుందో అతని చేతిలో ఉన్నది. ఇక్కడ నీటికి బదులు ఓడ రోజు. ఒక ఓడ, దాని నావికులతో, యంత్రాలతో, ఇరవై నాలుగు గంటలు ఒక శాస్త్రబృందం అధీనంలో ఉంటే అది ఒక ఓడ రోజు.

ఆ రోజును సంపాదించే మార్గం దీర్ఘమైనది. శాస్త్రజ్ఞుడు తన పరిశోధన ప్రతిపాదనను నిధులిచ్చే శాఖకు పంపుతాడు. దానితోపాటే ఓడ కోసం ప్రత్యేకమైన అర్జీ పెడతాడు. ఏ సముద్రం, ఏ నెల, ఎన్ని రోజులు, ఎంతమంది మనుష్యులు, ఎంత బరువైన పరికరాలు, ఎంత లోతుకు తీగ దింపాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. తోటి శాస్త్రజ్ఞులు ప్రతిపాదనను పరీక్షిస్తారు. తిరస్కరింపబడేవే ఎక్కువ. ఆమోదం పొందినవాటి అర్జీలు మాత్రమే వంతుల పట్టికలోనికి వస్తాయి. ప్రతి ఓడ సంస్థలోనూ ఈ పనికి ఒక ఉద్యోగి ఉంటాడు. వీరందరూ ఏటా కలుసుకొని, ముసాయిదాలు వేసి, చెరిపి, మళ్లీ వేసి, రాబోయే సంవత్సరపు పట్టికను తేలుస్తారు. ప్రతిపాదన పంపిన నాటి నుండి ఓడ ఎక్కేనాటికి రెండేళ్లు గడవడం మామూలే.

ఈ పట్టిక వేయడం బయటికి కనిపించేటంత సులువు కాదు. అలాస్కా జలాలకు వేసవిలోనే పోగలరు. రుతుపవనాన్ని పరిశీలించదలచినవారు రుతుపవన కాలంలోనే పోవాలి. ఆల్విన్ కావలసినవారికి అట్లాంటిస్ తప్ప గతి లేదు. మంచును చీల్చుకొని పోవలసినవారికి అలాస్కా విశ్వవిద్యాలయపు ‘సికులియాక్’ కావాలి. అట్లాంటిక్‌లో ఒక యాత్ర, పసిఫిక్‌లో మరొక యాత్ర ఒకే ఓడకు పడితే, పనామా కాలువ దాటి పోవడానికే వారాలు పడుతుంది. ఆ వారాలలో శాస్త్రం జరగదు, నూనె మాత్రం కాలుతుంది. అందుచేత ఒకే దిక్కున ఉన్న పనులను పూసలవలె ఒక దారానికి గుచ్చాలి. ఒక పూస జారితే తరువాతివన్నీ కదులుతాయి.

పరదేశపు జలాలలోనికి పోవాలంటే ఆ దేశపు అనుమతి కూడా కావాలి. 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర న్యాయ ఒడంబడిక ప్రకారం కనీసం ఆరు నెలల ముందుగా వివరాలు పంపవలసి ఉన్నది. 2015 ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో స్క్రిప్స్ సంస్థ నడిపే ‘రోజర్ రెవెల్’ అనే అమెరికా నౌకాదళపు ఓడ, భారతదేశపు ‘సాగర్ నిధి’ ఉత్తర బంగాళాఖాతంలో కలిసి పరిశీలనలు జరిపినవి. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి మున్నగు నదుల మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా పరచుకొన్నప్పుడు, ఆ పొర రుతుపవనాల విజృంభణనూ విరామాన్నీ ఎట్లా మారుస్తుందన్నది వారి ప్రశ్న. అమెరికా వైపు ధనం నౌకాదళ పరిశోధనా కార్యాలయానిది. భారతదేశం వైపు పని జాతీయ రుతుపవన కార్యక్రమం కింద జరిగింది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అందులో పాల్గొన్నది. రెండు దేశాల ఓడలు, రెండు దేశాల పట్టికలు, రెండు ఖజానాలు ఒకే రుతువులో ఒకే చోట కలవాలి. సముద్రంలో జరిగిన పని వారాలదే గాని, దాని వెనుక కాగితాల మీద జరిగిన పని అంతకు ఎన్నో రెట్లు.

ఇక డబ్బు మాట. ఓడ రోజు వెల కట్టే పద్ధతి చూడడానికి సరళంగా ఉంటుంది. నావికుల జీతాలు, నూనె, భోజనం, మరమ్మతు, బీమా, రేవు ఖర్చు, అన్నీ కలిపి సంవత్సరపు వ్యయాన్ని అది పని చేసే రోజులతో భాగిస్తారు. వచ్చినదే రోజు వెల. పెద్ద ఓడకైతే అది పదివేల డాలర్ల లెక్కలలో ఉంటుంది. ఎవరి శాస్త్రజ్ఞులు ఎన్ని రోజులు వాడితే ఆ శాఖ అన్ని రోజుల వెల చెల్లిస్తుంది. సగానికి మించిన భారం సైన్స్ ఫౌండేషన్‌దే. తక్కినది నౌకాదళం, జాతీయ సముద్ర వాతావరణ సంస్థ, రాష్ట్రాలు, ప్రైవేటు ప్రతిష్ఠానాలు పంచుకొంటాయి.

ఈ భాగాహారంలోనే చిక్కు ఉన్నది. ఊహకు ఒక ఓడకు ఏడాదికి మూడు వందల లక్షలు ఖర్చనుకొందాం. మూడు వందల రోజులు తిరిగితే రోజుకు ఒక లక్ష. నిధులు తగ్గి నూట యాభై రోజులే తిరిగితే, నూనె కొంత మిగిలినా, జీతాలూ బీమా మరమ్మతులూ తప్పవు గనుక వెల రమారమి రెట్టింపవుతుంది. వెల పెరిగితే ఉన్న డబ్బుకు వచ్చే రోజులు ఇంకా తగ్గుతాయి. రోజులు తగ్గితే వెల మళ్లీ పెరుగుతుంది. రేవులో కట్టివేసిన ఓడ మేత మానని ఆవు. కొన్ని ఓడలను తీసివేస్తే మిగిలిన వాటికి నిండుగా పని దొరుకుతుందనడం లెక్కకు నిజమే. కాని తీసివేసిన ఓడతో అది ఉన్న రేవూ, దాని మీద ఆరితేరిన నావికులూ, ఆ ప్రాంతపు సముద్రాన్ని పట్టి చదివే అలవాటూ పోతాయి. పట్టికలో ఈ నష్టానికి గడి లేదు.

సైన్స్ ఫౌండేషన్‌లో ఓడలకూ, శాస్త్రజ్ఞుల పరిశోధనలకూ ధనమిచ్చే విభాగం ఒకటే. కనుక ఓడకు పెట్టిన ప్రతి డాలరూ ఎవరో ఒక యువ పరిశోధకునికి దక్కనిది. 2015లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఈ విషయాన్ని దాచకుండా చెప్పింది. సముద్రపు అడుగున శాశ్వతంగా అమర్చిన పరిశీలనా యంత్రాల నిర్వహణకు 20 శాతం, సముద్రగర్భపు తవ్వకాలకు 10 శాతం, పరిశోధన ఓడలకు 5 శాతం కోత పెట్టి, ఆ సొమ్మును పరిశోధనకు మళ్లించమన్నది. ఓడలకు స్వల్పంగానే తగిలిందని కొందరు ఊరట చెందారు. ఐదు శాతం స్వల్పం కావచ్చు గాని, పట్టికలోనికి వచ్చేసరికి అది ఎవరో ఒకరి యాత్రగా మారుతుంది.

ఆ యాత్ర పోతే ఏం పోతుంది? హవాయికి ఉత్తరాన, ఒవాహు ద్వీపానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ‘అలోహా’ అనే స్థలం ఉన్నది. అక్కడ నీరు తప్ప ఏమీ కనబడదు. 1988 అక్టోబరు నుండి దాదాపు నెలకొకసారి ఓడ అక్కడికి పోయి, సీసాల చట్రాన్ని లోతులకు దించి, నీటిని పైకి తెస్తున్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సముద్రంలో కరిగి, నీటి ఆమ్లగుణాన్ని ఏటేటా పెంచుతున్నదని లోకానికి స్పష్టంగా చూపిన కొలతలలో ఇవి ముఖ్యమైనవి. ఒక్కొక్క యాత్ర చూస్తే అందులో విశేషం లేదు. వరుస చూస్తేనే విలువ. పోయిన నెల నీటిని వచ్చే నెల పోయి తేలేరు.

అనుకోనిది జరిగినప్పుడు పట్టిక అసలు పరీక్షకు నిలుస్తుంది. 2010లో మెక్సికో సింధుశాఖలో నూనెబావి పేలినప్పుడు రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయపు ‘ఎండెవర్’ ఓడ అక్కడికి పోయింది. ఉడ్స్ హోల్ శాస్త్రజ్ఞులు దాని మీద నుండి మానవరహిత యంత్రాన్ని దింపి, సుమారు 1,100 మీటర్ల లోతున, 35 కిలోమీటర్లకు పైగా సాగిన నూనె మేఘాన్ని గుర్తించారు. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా ప్రమాదం తరువాత సముద్రంలోని రేడియో ధార్మికతను కొలవడానికి ప్రభుత్వ నిధుల మామూలు దారి పనికిరాలేదు. ఒక ప్రైవేటు ప్రతిష్ఠానం డబ్బు ఇవ్వగా, హవాయి విశ్వవిద్యాలయపు ఓడ జూన్ నెలకే ఆ తీరం చేరింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం ఎవరి డబ్బూ పని చేయలేదు. ఓడలన్నీ కొన్ని నెలలు రేవు పట్టినవి.

వయసు మీరిన ఓడల కథ వేరు. టైటానిక్ శిథిలాన్ని 1985లో కనుగొన్న ‘నార్’ ఉడ్స్ హోల్ ఓడే. 2014లో విరమించి, తరువాత మెక్సికో నౌకాదళానికి పోయింది. దాని తోబుట్టువు ‘మెల్విల్’ ఫిలిప్పీన్స్‌కు చేరింది. అంతకు ఎంతో ముందే, 1966లో, తొలి అట్లాంటిస్‌ను అర్జెంటీనా కొనుక్కొన్నది. ఒక దేశపు పట్టికలో గిట్టుబాటు కాని ఓడ మరొక దేశంలో మొదటి ఓడల వరుసలో నిలుస్తుంది.

భారతదేశం నడిచిన దారి కొంత భిన్నం. 1976లో ‘గవేషణి’ వచ్చింది. సముద్రపు అడుగు నుండి మన శాస్త్రజ్ఞులు తొలి మాంగనీసు ముద్దలను పైకి తెచ్చింది దాని మీదనే. అది 1981 గణతంత్ర దినం. అదే ఏట మహాసముద్రాభివృద్ధి శాఖ ఏర్పడింది. 1983లో పశ్చిమ జర్మనీలో ‘సాగర్ కన్య’, మరుసటి ఏట డెన్మార్క్‌లో మత్స్య పరిశోధనకు ‘సాగర్ సంపద’, 2008లో ఇటలీలో ‘సాగర్ నిధి’ తయారై వచ్చినవి. ఓడలు చాలావరకు ఒకే మంత్రిత్వ శాఖ సొత్తు గనుక, అమెరికాలో వలె రోజు వెల చుట్టూ బేరం సాగదు. అయితే తీరప్రాంత విశ్వవిద్యాలయంలోని విద్యార్థికి ఓడలో ఒక పడక దొరకాలంటే ఇక్కడా ఎవరో ఒకరు పట్టికలో చోటు చేయవలసిందే.

ఉడ్స్ హోల్ రేవులో అట్లాంటిస్ ఆగేది కొద్ది రోజులే. ఓడ తాళ్లు కట్టీ కట్టకముందే ఒక బృందం తన పెట్టెలను దింపడం మొదలుపెడుతుంది. నీటి సీసాలు, బురద నమూనాల గొట్టాలు, చలిపెట్టెలు ఒక్కటొక్కటిగా క్రేనుకు వేలాడుతూ ఒడ్డుకు వస్తాయి. రేవు రెండవ కొసన మరొక విశ్వవిద్యాలయం పేరు రాసిన కంటెయినర్లు అప్పటికే వచ్చి ఉంటాయి. వాటి పక్కన నిలబడిన విద్యార్థులు తమ పెట్టెలు లెక్కపెట్టుకొంటూ ఉంటారు. వారి లెక్కలో మొదటి ఓడ రోజు ఇంకా ప్రారంభం కాలేదు.